అందరికీ తెల్లపువ్వే

మా రేణుకమ్మ తల్లి గుడి చాలా చిన్నది. ఈ తమిళ ఊళ్ళో సారం పేట నుంచి కదిర్కామం పేట వైపు పోయే సందులో, ఒక టైర్ల కొట్టుకూ ఒక జిరాక్స్ కొట్టుకూ నడుమ ఇరుక్కుని ఉంటుంది. గుడి చిన్నదైనా, మా తెలుగు కుటుంబాలలో ఆమెను అడగకుండా ఏ పనీ జరగదు. అడిగే పద్ధతి కూడా సులువే. ఒక తెల్లపువ్వునూ ఒక ఎర్రపువ్వునూ వేర్వేరు ఆకుల్లో కనపడకుండా చుట్టి అమ్మ పాదాల దగ్గర పెడతారు. అడిగేవారు కళ్ళు మూసుకుని తమ ప్రశ్న మనసులోనే అనుకోవాలి, పైకి అనకూడదు. పూజారిగారి తల్లి చిన్నపొన్ను ఒక పొట్లం తీసి విప్పుతుంది. తెలుపైతే అవును, ఎరుపైతే కాదు. అంతకుమించి అమ్మ మాట్లాడదు. కారణాలు చెప్పదు. 'శుభం చెయ్యని ఆడి మాసం పోనీ, చూద్దాం' అని కూడా అనదు.

తరాలుగా ఏ లోపమూ లేకుండా నడుస్తున్న ఈ ఏర్పాటును బాగుచెయ్యాలని మా బావమరిది కొడుకు నరేంద్రన్‌కు తోచింది.

నరేంద్రన్ సాఫ్ట్‌వేరు చదివాడు. సారంలోనే ఒక స్కూటర్ల షోరూం మేడమీద ఆఫీసు పెట్టాడు. కంపెనీ పేరు చివర 'ల్యాబ్స్' అని ఉంటుంది. ల్యాబు ఎక్కడుందో నేను అడగలేదు. మంచి పిల్లవాడు. వాళ్ళ అత్తంటే, అంటే నా భార్య వేదవల్లి అంటే, వాడికి ప్రాణం. గుడి కమిటీ ముందు వాడు చెప్పిన మాట ఏమిటంటే, మన జనం ఇప్పుడు చెన్నైలో, బెంగుళూరులో, దుబాయిలో ఉన్నారు. పువ్వు అడగడానికి వాళ్ళు ఇంత దూరం రాలేరు. అందుకని ఒక యాప్ కావాలి. మనసులో అనుకుని తెరమీద దీపాన్ని వేలితో తాకితే పువ్వు విచ్చుకుంటుంది.

కమిటీ పెద్ద దురైసామి అన్న చాలాసేపు మీసం నిమిరి అడిగాడు. "అది సరి. పువ్వు ఎవురు తీస్తార్రా?"

"ఎవురూ తీయరు పెదనాయినా. ఆకాశం తీస్తాది."

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఆకాశంలో మెరుపులు మెరుస్తుంటే రేడియోలో గరగరమని శబ్దం వస్తుంది కదా, దాన్ని ఒక విదేశీ కంపెనీ పట్టి అంకెలుగా మార్చి, అడిగినవారికల్లా ఇస్తుందట. సరిసంఖ్య వస్తే తెలుపు, బేసిసంఖ్య వస్తే ఎరుపు.

"నా ప్రోగ్రామే తీస్తే, అది నేను తీసినట్ల అయిపోతాది. అమ్మోరి దగ్గర అట్ల చేయొచ్చునా? దీంట్లో మనిషి చెయ్యే పడదు" అన్నాడు నరేంద్రన్.

కమిటీలో ఒకరిద్దరి కళ్ళు చెమర్చాయి. మెరుపు అమ్మది కాక ఇంకెవరిది అని దురైసామి అన్న అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

"ఎన్ని నెలలు పడతాది?" అని నేను అడిగాను.

"నెలలా? వారం చాలు మామా."

"అంత పెద్ద పని వారంలో ఎట్ల రాస్తావు?"

"రాసేదేముంది? అన్నీ రెడీగా ఉండాయి. ఏపీఐలు." నా మొహం చూసి వాడికి జాలి కలిగినట్టుంది. "ఇప్పుడు నువ్వు హోటల్‌కి పోతావు. వంటింట్లోకి పోతావా? పోవు. సప్లయర్‌ని పిలిచి ఇడ్లీ అంటావు. వాడు లోపల చెప్పి తెస్తాడు. లోపల ఎవురు వండినారు, ఎట్ల వండినారు, నీకు అక్కర్లే. ఆ సప్లయరే ఏపీఐ."

"ఎవురు వండినారో తెలీకుండా నేను ఇంతవరకు యాడా తినలేదే నాయినా" అన్నాను. నేను బయట తినను. అది వాడికీ తెలుసు. ఛార్జీ ఎక్కని పాత ఫోనును చూసినట్టు నన్ను చూశాడు.

తరువాత వివరంగా చెప్పాడు. ఫోనుకు వచ్చే రహస్య సంఖ్య ఒక కంపెనీ పంపుతుంది. హుండీలో వెయ్యాలంటే ఇంకో కంపెనీ తీసుకుని మన ఖాతాలో వేస్తుంది. ఈరోజు తిథి ఏమిటో ఒక కంపెనీ చెబుతుంది, గుడికి దారి ఒక కంపెనీ చూపుతుంది. తెలుగులో రాయడానికి ఒక కంపెనీ ఉంది. వీటన్నిటికీ ఎలా అడగాలో వాళ్ళే రాసిపెట్టారు. అలాగే అడిగితే జవాబు వస్తుంది, వేరేలా అడిగితే రాదు. పూర్వం ఇవన్నీ ఒక్కడే మొదటి నుంచి రాసుకోవాలంటే తల నెరిసేదట.

"మరి నీది ఏంది దీంట్లో?"

"పూలు బజారువి, దారం నాది. దండ కట్టేది నేను గదా మామా."

నాది పాత్రల కొట్టు. నేను మాత్రం గిన్నెలు పోతపోస్తున్నానా? కుంభకోణం నుంచి వస్తే అమ్ముకుంటున్నాను. అయితే గిన్నె కారితే ఎవరిని తిట్టాలో నాకు తెలుసు. వాడికి తెలుసునా అని మాత్రం అనుకున్నాను. పైకి అడగలేదు.

చెప్పినట్టే వారంలో యాప్ వచ్చింది. తెలుగు కచ్చితంగా ఉండాలని కమిటీ పట్టుబట్టింది. కమిటీలో తెలుగు చదవడం వచ్చినవాడిని నేనొక్కడినే. మిగతావాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడి బయట తమిళం చదువుకుంటారు. దీపం తాకగానే 'మీ ఆర్డర్ విజయవంతంగా ఉంచబడింది' అని వచ్చింది. అందరూ ఆ అక్షరాలను కళ్ళకద్దుకున్నారు. కంపెనీ తెలుగులో మొక్కును ఆర్డర్ అంటారు కాబోలని నేను సరిపెట్టుకున్నాను.

ఇక్కడ నా భార్య సంగతి చెప్పాలి. వేదవల్లికి పిత్తాశయంలో రాళ్ళు ఉన్నాయి. ఆపరేషన్ చెయ్యాలని డాక్టరమ్మ చెప్పి ఏడాది దాటింది. అప్పుడే వేదవల్లి గుడికి వెళ్ళి పువ్వు అడిగింది. ఎరుపు వచ్చింది. బయటికి వచ్చి "అమ్మ కాదన్నాది" అంది. కొన్ని నెలల తరువాత మళ్ళీ నొప్పి వస్తే మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ ఎరుపు. "కాదన్నాది" అంది. అమ్మ రెండుసార్లు కాదన్న తరువాత నేను ఏమనగలను? ఉదయం దీపం పెట్టనిదే కొట్టు తాళం తియ్యనివాణ్ణి.

పోయిన నెల నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఆమె నేలమీద పొర్లింది. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "రాయి జారి నాళంలో పడితే క్లోమం వాస్తుంది. అప్పుడు మీరు ఏ గుడికి పోయినా, నా దగ్గరికి వచ్చినా లాభం ఉండదు. ఇంకా ఎందుకు ఆలస్యం?" అని అడిగింది. పువ్వు సంగతి ఎత్తకుండా మందుల చీటీ తీసుకుని లేచాను.

గుడిలో ఒకే సంగతి మూడోసారి అడగడం మా వాళ్ళలో మర్యాద కాదు. యాప్‌లో ఎన్నిసార్లు మర్యాదో ఎవరూ నిర్ణయించలేదు. అందుకని ఒక ఆడి శుక్రవారం సాయంత్రం దీపం వెలిగించాక, వేదవల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఫోనును అమ్మ పటం ముందు పెట్టాను. మనసులో అనుకుంటే ఆమెకు తెలియదని, గట్టిగానే అడిగాను. "తల్లీ, ఈమెకు ఆపరేషన్ చేయించొచ్చునా?" దీపాన్ని తాకాను. గంట మోగింది. తెల్లపువ్వు రేకు రేకుగా విచ్చుకుంది.

వేదవల్లి ఆ పువ్వును చాలాసేపు చూసింది. మొహంలో రక్తం లేదు. భక్తి అనుకున్నాను.

"సరి. తేదీ తీసుకోండి" అంది.

వచ్చే గురువారానికి తేదీ దొరికింది.

ఆ వారమంతా మా వాళ్ళ ఇళ్ళలో ఒకటే సంబరం. అమ్మ ఇంత దయగా ఎన్నడూ లేదు. పెళ్ళికి తెలుపు, ఇంటి పునాదికి తెలుపు, ఉద్యోగం మానడానికి తెలుపు. చిన్నపొన్ను చేతిలో సగానికి సగం ఎరుపే వచ్చేది. ఆమె చెయ్యి మంచిది కాదని కొందరు అప్పుడే అనడం మొదలుపెట్టారు కూడా.

మంగళవారం కొట్టుకు చెల్లప్పన్ వచ్చాడు. మావాడే, తేంగాయితిట్టు రేవులో చేపల పడవలకు ఐసు వేస్తాడు. లోపలికి వస్తూనే, "పద్మనాభన్ అన్నా, అమ్మోరికి ఏమైనాది?" అన్నాడు.

"ఏమిరా అట్ల అంటావు?"

"రెండో వ్యాను కొనొచ్చునా అని అడిగితి. తెలుపు. సరి అనుకుంటి. నా పెండ్లాం ఒప్పుకోలే. కొనకుండా ఉండొచ్చునా అని అడిగి చూడు అనె. అడిగితి. దానికీ తెలుపే! ఇప్పుడు నేను కొనాల్నా, వద్దా?"

భక్తుడికి కష్టమైన ప్రశ్న వచ్చినప్పుడు తత్త్వం ఆదుకుంటుంది. "ఏది చేసినా నీకు మేలే జరుగుతాదని అమ్మ భావం" అన్నాను.

"అట్లయితే అడిగేదెందుకన్నా? ఇదో, నువ్వొకటి అడుగు. నీ కొట్టుకు నువ్వే నిప్పు పెట్టుకోవచ్చునా అని అడుగు."

"ఛీ, తప్పురా."

"అడగన్నా. భయమా?"

అడిగాను. గంట మోగింది. తెల్లపువ్వు.

"పెట్టేయ్" అన్నాడు చెల్లప్పన్. "మేలే జరుగుతాది."

కొట్టు వాడికే అప్పగించి నరేంద్రన్ మేడ ఎక్కాను. నా మాట విని వాడు తెరలో ఏదో చూసి, "ఓ. కోటా" అన్నాడు.

ఆ విదేశీ కంపెనీ ఆకాశాన్ని రోజుకు కొన్ని ప్రశ్నల వరకు ఉచితంగా ఇస్తుందట. అది దాటితే 'ఈ రోజుకు చాలు' అని జవాబు పంపుతుందట. అమ్మవార్లకు మొక్కుకునే ఆడి మాసం కదా, మా జనం తెల్లవారగానే అడగడం మొదలుపెడితే మధ్యాహ్నానికి ముందే ఆకాశం అయిపోతోంది.

"అయిపోతే?"

"ఫాల్‌బ్యాక్ మామా. జవాబు రాకపోతే ఏం చూపించాలో ముందే రాసిపెడతాం. ఎట్లాంటి ఏపీఐ అయినా ఒక దినం నిలిచిపోతాది, దానికి మనం రెడీగా ఉండాల. నేను తెలుపు పెట్టినా."

"తెలుపెందుకు?"

"ఎర్రర్ అని చూపిస్తే జనం యాప్ తీసిపారేస్తారు. ఎరుపు చూపిస్తే మనసు కష్టపెట్టుకుంటారు. తెలుపైతే అందరికీ సంతోషం గదా?"

"తెలీలేదు అని చూపించొచ్చు గదరా?"

"దేవుడికి తెలీలేదని యాడన్నా రాస్తారా మామా?"

ఇంత చదువుకున్నవాడికి ఇంత భక్తి ఉంటుందని నేను అనుకోలేదు.

"పోయిన శుక్రవారం సాయంత్రం మీ అత్త కోసం అడిగినాను. అది చూడు."

వాడు చూశాడు. ఈసారి ఇంగ్లీషు మాట ఏదీ రాలేదు. "సాయంత్రమంటే… ఆకాశం పొద్దున్నే అయిపోయినాది మామా." కాసేపు గోళ్ళు కొరికాడు. "రేపే సరిచేస్తా. అందరికీ మెసేజ్ పంపుతా, మళ్ళా అడగండి అని."

రేపు బుధవారం. మెసేజ్ వస్తే వేదవల్లి చూస్తుంది. ఆమె ఫోనులోనూ యాప్ ఉంది. మళ్ళీ అడుగుతుంది, లేదా అడగకుండానే గుడిలోని రెండు ఎర్రపువ్వులు తలుచుకుని ఆసుపత్రి వద్దంటుంది. డాక్టరమ్మ చెప్పిన రాయి మాత్రం ఎవరి అనుమతీ కోసం ఆగదు.

"శుక్రవారం పంపు" అన్నాను.

నరేంద్రన్ తలెత్తి నన్ను చూశాడు. "మామా, అది తప్పు గదా?"

ఊరందరికీ తెల్లపువ్వులు పంచినవాడు నాకు ధర్మం చెబుతున్నాడు. అంతకన్నా కష్టమేమిటంటే, వాడు చెప్పింది సరిగ్గానే ఉంది.

ఆ సాయంత్రం పటం ముందు కూర్చుంటే స్తోత్రం సగంలో ఆగిపోయింది. అమ్మ అనని మాటను అమ్మ మాటగా నమ్మి నా భార్య కత్తి కింద పడుకోబోతోంది. చెబితే పడుకోదు. పడుకోకపోతే ఆమె మిగలకపోవచ్చు. ఏం చెయ్యాలో అమ్మనే అడుగుదామనిపించింది. చెయ్యి ఫోను వైపు పోయింది. సిగ్గుపడి వెనక్కి తీసుకున్నాను.

మరుసటి ఉదయం వేదవల్లి ఆసుపత్రికి సంచి సర్దుతోంది. తువ్వాలు, స్టీలు చెంబు, కుంకుమ భరిణె. నేను గుమ్మంలో నిలబడి చెప్పేశాను. ఆకాశం సంగతి, కోటా సంగతి. శుక్రవారం విచ్చుకున్న పువ్వు అమ్మది కాదని, మేనల్లుడు ముందే రాసిపెట్టిందని.

ఆమె తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని మంచంమీద కూర్చుంది. "అట్లయితే గుడిలో వచ్చినవి?"

"అవి నిజమైనవే. చిన్నపొన్ను తీసినవి. రెండు తూర్లూ ఎరుపే. అమ్మ వద్దన్నాది. ఒప్పుకుంటా. కానీ వేదా, డాక్టరమ్మ చెప్పేది కూడా…" అంటూ నేను అమ్మకు వ్యతిరేకంగా డాక్టరమ్మ తరఫున వాదన మొదలుపెట్టాను. నా గొంతు నాకే వింతగా వినిపించింది.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "నేనేం అడిగితినో మీకు తెలుసునా?"

"ఆపరేషన్ చేయించుకోవచ్చునా అని గదా?"

"కత్తి పడకుండా ఇది నయమైపోతాదా తల్లీ అని అడిగితి. రెండు తూర్లూ అదే అడిగితి."

కత్తి లేకుండా నయమవుతుందా అంటే ఎరుపు. కాదు అని. అంటే అమ్మ ఏడాది కిందటే చెప్పవలసింది చెప్పేసింది. డాక్టరమ్మ, అమ్మ ఇద్దరూ ఒకటే మాట అన్నారు. నడుమ నేను ఒక్కడినే ఇద్దరికీ పడదని బాధపడుతున్నాను. పువ్వును అందరం చూశాం. ప్రశ్న ఏమిటని ఒక్కరమూ అడగలేదు.

"మరి ఉత్త కాదన్నాదని మాత్రం చెప్పి ఎందుకు ఊరుకుంటివి?"

"కాదన్నాది గదా. అబద్ధం చెప్పలే." తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటూ ఉంది. "భయమండి. మత్తిస్తే మళ్ళా లేస్తానో లేదో అని. మా అమ్మ అట్ల పడుకున్నది లేవనేలేదు గదా. మీరు ఆ దినం ఫోను ముందర గట్టిగా అడిగేస్తిరి. తెలుపు వచ్చేసినాది. ఇంగ తప్పించుకునేదానికి లేదని తేదీ తీసుకోమంటి." కళ్ళు తుడుచుకుంది. "అది కూడా దొంగదేనా? నరేంద్రన్ రానీ, చెప్తా వాడికి."

"ఇప్పుడేం చేద్దాం? వద్దంటే మానేద్దాం."

"మానేదేంది? అమ్మ చెప్పింది చెప్పినాది గదా." తువ్వాలు మళ్ళీ మడిచి సంచిలో పెట్టింది. "చెంబు పెద్దదైపోయినాది. చిన్నది కొట్టు నుంచి తెండి."

చెంబు తేవడానికి పోతూ దారిలోనే నరేంద్రన్‌కు ఫోను చేసి, శుక్రవారం దాకా ఆగవద్దని, మెసేజ్ అప్పుడే పంపమని చెప్పాను.

గురువారం ఆమెను లోపలికి తీసుకుపోయాక నేను బయట బెంచీమీద కూర్చున్నాను. విష్ణు సహస్రనామం మొదలుపెట్టానో లేదో దురైసామి అన్న ఫోను. "ఏందిది పద్మనాభా? మళ్ళా అడగండని మెసేజ్ పంపమని ఎవురు చెప్పినారు? జనమంతా గుడికొచ్చి పడినారు. చిన్నపొన్నుకు చెయ్యి నొప్పి. తెలుపు వస్తాంటే అందరూ బాగనే ఉండిరి గదా? పాత మాదిరే పెట్టేయమని వాడికి చెప్పు."

"ఆ తెలుపు అమ్మది కాదన్నా."

"నిన్నటి దాకా అమ్మదే గదా!"

ఆయన చెప్పిన దాంట్లోనూ ఒక న్యాయం ఉంది. ఆలోచించి చెబుతానన్నాను. "ఇంకోటి. ఇప్పుడు పువ్వు రాకపోతే తెలుగులో ఏందో రాసి వస్తాంది. ఏంది అది?" అన్నాడు. చూసి చెబుతానని ఫోను పెట్టేసి నా యాప్ తెరిచాను. నరేంద్రన్ తెలుపును తీసేసి, జవాబు రాలేదని చూపించడానికి ఒక వాక్యం పెట్టాడు. దాన్ని తెలుగు కంపెనీ తన పద్ధతిలో రాసి ఇచ్చింది. 'మీ దేవత ప్రస్తుతం సేవలో లేదు. దయచేసి తర్వాత ప్రయత్నించండి.'

అన్నకు ఏమని చదివి వినిపించాలా అని నేను ఇంకా చూస్తూ ఉండగానే నర్సు పిలిచింది.

వేదవల్లి కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. పెదవులు ఎండిపోయాయి. నేను చెయ్యి పట్టుకున్నాను. చాలాసేపటికి పెదవులు కదిలాయి.

"లేచినానా?"

"లేచినావు."

కళ్ళు మూసుకుంది. మళ్ళీ నిద్రపోయిందనుకున్నాను. అంతలోనే కళ్ళు తెరవకుండా అడిగింది.

"మీరు చెప్తాండారా, ఫోను చెప్తాందా?"

"నేనే వేదా."

"అట్లయితే సరి" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.